పుల్లీ సరిపోయింది

ఎనభైల్లో భద్రాచలంలో ఓ పాత మోటారు కొన్నాను. నేమ్‌ప్లేటు లేదు. ఎన్ని హార్స్‌పవరంటే ఒక్కో మెకానిక్ ఒక్కో మాట చెప్పాడు. విసుగుతో దాన్ని కాళ్ల దగ్గర పెట్టుకొని ఖమ్మం బస్సులో కూర్చున్నాను.

పక్క సీట్లో ఒక పెద్దావిడ అమ్మడానికి తీసుకెళ్తున్న పుల్లీని సంచిలోంచి తీసి, నా మోటారు షాఫ్టుకు తొడిగింది. సరిగ్గా పట్టింది.

“ఐదు హార్స్‌పవరు బిడ్డా. మాది గూడ గిసొంటిదే.”

“మీ మోటారేదమ్మా?”

“అమ్మేసినం. మా ఇంటాయన ఫ్యూజులు పీకి, మోటరు బాగు చేస్తనని బాయిలకు దిగిండు. నాకు తెల్వది. నీళ్లెందుకు ఆగినయో అని పోయి చూసి, ఫ్యూజులు నేనే పెట్టిన.”

పుల్లీ మళ్లీ తీసుకోలేదు. కారేపల్లిలో దిగిపోయింది.

ఇప్పటికీ మోటారు ముట్టుకునే ముందు ఫ్యూజులు పీకి జేబులో వేసుకుంటాను. పనైపోయేదాకా జేబు తడుముకుంటూనే ఉంటాను.