టైలరక్క చూడని సిరీస్

సిద్దిపేటలో మా సందు చివర ఒక టైలరక్క ఉండేది. ఈ నెల ఓటీటీలోకి కొత్తగా ఏమొచ్చాయో ఆమెకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. జాకెట్టుకు కొలతలు తీసుకుంటూనే ఏది చూడాలో, ఏది వద్దో తేల్చేసేది. చివర ఒకటే మాట: "నా మాట ఇను చెల్లె, మస్తుంటది."

ఒకసారి "ఇంటిల్లిపాది కూసొని సూడొచ్చు" అంటే నమ్మి, మా అత్తమ్మను పక్కన కూర్చోబెట్టుకుని ఆ సిరీస్ పెట్టాను. పది నిమిషాలకే తెర మీద హీరో హీరోయిన్లు మాటలు మానేసి దగ్గరయ్యారు. పొయ్యి మీద ఏమీ లేకపోయినా, "పాలు పొంగుతున్నయేమో" అంటూ అత్తమ్మ లేచిపోయింది.

మర్నాడు తగువుకే వెళ్లాను. "గా సీన్ల సన్నగ వీణ వాయించుడు తప్ప ఏం లేదు గదనే!" అని అక్క నిజంగానే ఆశ్చర్యపోయింది. అప్పుడు గమనించాను, మిషన్ మీద ఆమె ఫోనులో ఏదో సిరీస్ నడుస్తోంది, తెర మాత్రం గోడవైపు తిరిగి ఉంది.

"దాని దిక్కు సూస్తే కుట్టు వంకర పోతది. నేను చెవులతోని ఇంట గని, కండ్లతోని సూడ," అంది.

నాకు కోపం పోయి నవ్వొచ్చింది. ఫోనులో అప్పుడు ఒక పోలీసాయన మాట్లాడుతున్నాడు. "గీయన గొంతు మస్తుంటది" అని అక్క మురిసిపోతుంటే, మొహం కూడా చూడమని ఫోను ఆమెవైపు తిప్పాను.

మిషన్ ఆగింది. అక్క కళ్లు చిట్లించి ఒక్క క్షణం చూసింది.

"వద్దు చెల్లె, అటే తిప్పు. నేను మనసుల అనుకున్న మొహమే మంచిగ ఉండె."