శృంగవరపుకోట ఆటకు వెళ్ళి గౌరి పేరు పిలవకుండా వచ్చాం

మా ఊరి ఆడపిల్లల కబడ్డీ జట్టు ఈ ఏడాది వరసగా మూడు టోర్నమెంట్లలో మొదటి ఆటకే ఇంటికి వచ్చేసింది. నరసన్నపేటకు ఆనుకుని ఉన్న మా పల్లెలో ఇది చిన్న సంగతి కాదు. వరి నూర్పులు అయిపోయి మినుము చేలు పచ్చబడ్డాక మా వాళ్ళకు సాయంత్రాలు ఖాళీ. ఆ ఖాళీ అంతా కబడ్డీదే. అందుకే శృంగవరపుకోటలో ఆదివారం పోటీ అని తెలియగానే వ్యాన్ మాట్లాడుకుని బయలుదేరాం. అందరూ జట్టును గెలిపించడానికి వెళ్ళారు. నేను మాత్రం వేరే పని మీద వెళ్ళాను. మా చిన్నాన్న కూతురు గౌరిని ఆ రోజు ఎవరూ కూతకు పంపకుండా చూడాలి.

గౌరి మా జట్టు ప్రధాన రైడర్. కూతకు వెళ్ళి అవతలి వాళ్ళను ముట్టుకుని రావడం ఆమె పని, జట్టంతా ఆమె చుట్టూనే తిరుగుతుంది. పోయిన రెండు పోటీల్లో ఆమె ఎడమ మోకాలు మెలిపడింది. మా ఇంట్లో బడికి వెళ్ళిన మొదటిదాన్ని నేనే కాబట్టి ఎవరికి ఏ జబ్బు చేసినా ఆసుపత్రికి తోడు నన్నే పంపుతారు. శ్రీకాకుళంలో డాక్టరు చెప్పింది నా చెవులతో విన్నాను. మోకాలి లోపలి నరం సగం తెగింది, వేసవి దాటేదాకా ఆడకూడదు, ఇంకొకసారి మెలిపడితే ఆపరేషన్ తప్పదు, ఆ తర్వాత ఆట మీద ఆశ పెట్టుకోవద్దు. ఇంత చెప్పినా ఆదివారం ఆటకు గౌరి జెర్సీ వేసుకుని, సబ్‌స్టిట్యూట్‌గా బయట కూర్చునేలా ఒప్పందం కుదిరింది. ఆమెను చూస్తే చాలు, అవతలి జట్టు బెదిరిపోతుందట.

ఒప్పందం ఎందుకు కుదిరిందో తెలియాలంటే మా కోచ్ గురించి చెప్పాలి. సింహాచలం బావ ఒకప్పుడు జిల్లా జట్టులో ఆడాడు. బొబ్బిలి వైపు మనిషి, మా తవిటయ్య పెదనాన్నకు ఇల్లరికపు అల్లుడు. పెదనాన్నకే కాదు, వావి చూసుకుంటే సగం ఊరికి అల్లుడు, మిగిలిన సగానికి బావ. అత్తవారి ఊరి మాట కాదనడం ఆయన వల్ల కాదు. పైగా మాకొక అలవాటు ఉంది. కోత కోసిన మళ్ళలో మగవాళ్ళు చెడుగుడు ఆడిన రోజుల నుంచీ, ప్రతి కూతకు ముందు గట్టు మీది జనం ఒక పేరు కేక వేస్తారు. ఎవరి పేరు పిలిస్తే వాళ్ళు వెళ్ళాలి. బావ పొద్దున్న నేర్పింది సాయంత్రం గట్టు మీది కేకలతో కొట్టుకుపోతుంది.

జట్టు ముందు రోజే వెళ్ళిపోయింది. మేము ఆదివారం తెల్లవారుజామున ఐదింటికి బయలుదేరాం. హైవే మీద శ్రీకాకుళం, రణస్థలం దాటి నాతవలస దగ్గర విజయనగరం వైపు తిరగాలి. అక్కడి దాకా రోడ్డు బాగుంటుంది, మంచు ఉంటే మాత్రం నెమ్మదిగా వెళ్ళాలి. మనిషికి రెండువందల యాభై పడింది, రానూపోనూ కలిపి. బస్సులో అయితే శ్రీకాకుళంలోనూ విజయనగరంలోనూ మారాలి. ఆడవాళ్ళకు ఆధార్ చూపిస్తే టికెట్ ఉండదు. రైలు ఇష్టమైన వాళ్ళు కొత్తవలసలో కిరండూల్ పాసింజర్ ఎక్కవచ్చు గానీ, మా వైపు నుంచి ఆ బండి వేళకు కొత్తవలస చేరడం కష్టం.

వ్యాన్ శ్రీకాకుళం దాటకముందే పంచాయితీ మొదలైంది. ఒకరు తప్పంతా కోచ్‌దేనన్నారు. పిల్లల చేత పరుగులు తీయిస్తాడు తప్ప పట్టు నేర్పడట. ఇంకొకరు దెబ్బలే మన కొంప ముంచాయన్నారు. కార్నర్‌లో ఆడే అమ్మాయికి భుజం నొప్పి, ఇంకొకరికి చీలమండ వాపు. రెండో రైడర్ పైడి దగ్గరకు వచ్చేసరికి అందరిదీ ఒకటే మాట, ఆ పిల్లకు కాళ్ళున్నాయి గానీ గుండె లేదని. ముందు సీట్లో నుంచి తవిటయ్య పెదనాన్న వెనక్కి తిరిగి తీర్పు చెప్పాడు.

"గౌరి కూతకెల్తే అవతలోళ్ళు ఎనక్కి జరుగుతారు. పైడి ఎల్తే ముందుకొస్తారు. ఇంకేటి మాటాడేది?"

అప్పలనరసమ్మ అత్త మరమరాల సంచీ విప్పుతూ, తనకు అల్లుడి వరసైన సింహాచలం మంచోడేనంది. "మంచోడు కాబట్టే కోచ్‌కి పనికిరాడు. వాడు మా ఇంటికొచ్చి మంచినీళ్ళు అడగడానికే సిగ్గుపడతాడు, ఇంక ఆట్లో మనల్నేటి అదిలిస్తాడు?"

వ్యాన్ అంతా నవ్వింది. డ్రైవర్ నరసన్నపేట మనిషే. ఇంతమంది కోచ్‌లను ఎక్కించుకున్నానని ముందే తెలిస్తే పెద్ద బండి తెచ్చేవాడినన్నాడు. నాకు నవ్వు రాలేదు. ఎప్పుడు నోరు విప్పాలా అని చూస్తున్నాను.

ఏడున్నరకు విజయనగరం చేరాం. కోట దాటి బస్టాండు వైపు వెళ్ళే దారిలో చిన్న టిఫిన్ హోటల్లో ఆగాం. ప్లేటు ఇడ్లీ ముప్పై, ఉప్మా పెసరట్టు యాభై. అల్లం చట్నీ ఘాటుగా ఉంటుంది, చూసి వేసుకోండి. అట్లు పోస్తున్నామె మా వాదన కాసేపు విని, ఇంతకీ మీలో ఆడేది ఎవరని అడిగింది. ఎవరూ ఆడరని చెబితే అట్లకాడ ఆపి మా మొహాలు చూసింది.

అదే అదను అనుకున్నాను. "పెదనాన్నా, టెక్కల్లో ఆఖరి కూతకి బావ ఎవర్ని లెగమన్నాడు?"

"పైడిని."

"మరి ఎల్లిందెవరు?"

"గౌరి. నేనే పిలిసినాను. పిలవాలి గదా."

"పాలకొండలో?"

పెదనాన్న ఇడ్లీ తుంచడం ఆపాడు. అక్కడా అంతే జరిగిందని అందరికీ గుర్తే. డాక్టరు మాటలు మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. ఈసారి ఎవరూ మధ్యలో అడ్డు రాలేదు. ఆయన మాత్రం మొహం ఎర్రగా చేసుకున్నాడు.

"అయితే ఆ గుంట కాలు నా నోటితో ఇరగ్గొట్టీసినానంటావేటి? సదువుకున్నావని మాకు ఆట నేర్పుతన్నావా?"

"ఇరగ్గొట్టినావని నానన్లేదు. ఇంకోసారి పిలిస్తే ఇరుగుతాదంతన్నాను. ఈ పూట దాని పేరు ఎవరూ పిలవొద్దు. నువ్వు ముందు ఒప్పుకో, మిగతావోళ్ళు ఒప్పుకుంటారు."

ఆయన ఒప్పుకోలేదు. చేయి కడుక్కుని వ్యాన్ ఎక్కేశాడు. మిగిలిన వాళ్ళను ఒక్కొక్కరినీ అడిగాను. అప్పలనరసమ్మ అత్త వెంటనే సరే అంది. కొందరు తల ఊపారు, కొందరు పెదనాన్న వైపు చూశారు. విజయనగరం నుంచి శృంగవరపుకోటకు గంటకు పైగా పడుతుంది. కొండలు దగ్గరవుతూ, జీడితోటలు మొదలవుతూ, ఆ దారి చాలా అందంగా ఉంటుందని చెబుతారు. నేను సరిగ్గా చూడలేదు. పెదనాన్న మెడ వెనక భాగమే చూస్తూ కూర్చున్నాను.

మైదానం ఊరి చివర ఉంది. మట్టి కోర్టు, చుట్టూ తాడు కట్టారు. ఆ తాడు వెనక మా వాళ్ళు నిలబడిన చోటే ఆ రోజుకు మా గట్టు. లోపలికి ఉచితమే. మంచినీళ్ళ డ్రమ్ము పెట్టారు గానీ సీసా తీసుకెళ్ళడం మేలు. గౌరి మోకాలికి పట్టీ కట్టుకుని నీడలో కూర్చుని ఉంది. టిఫిన్ హోటల్లో ఏం జరిగిందో చెప్పి, ఎవరు పిలిచినా లేవకు అన్నాను. ఆమె నా వైపు చూడకుండా పట్టీ సర్దుకుంది.

"అక్కా, ఊరు నా పేరు పిలిస్తే నాను కూకోలేను. ఆ మాట ఆలకి సెప్పు. నాకు సెప్పకు."

మా ఆట పదకొండు దాటాక మొదలైంది. అవతలిది కొండ దిగువ ఊళ్ళ జట్టు, కాళ్ళు పట్టుకోవడంలో ఆరితేరిన వాళ్ళు. సగం ఆటకు నాలుగు పాయింట్లు వెనకబడ్డాం. అలవాటు చొప్పున మా గట్టు మీద నుంచి పేర్లు లేస్తూనే ఉన్నాయి గానీ గౌరి పేరు మాత్రం రాలేదు. పైడి రెండు సార్లు దొరికిపోయింది, మూడు సార్లు ముట్టుకుని వచ్చింది. తేడా రెండుకు తగ్గింది. చివరి కూత మాది.

సింహాచలం బావ లేచి నిలబడి, ఎప్పటిలాగే గట్టు వైపు తల తిప్పాడు. మైదానమంతా గోలగా ఉంది. గౌరి ఒడిలోని తువ్వాలు పక్కన పెట్టి చేత్తో నేల ఊనింది, లేవబోతోంది. నా వెనక ఎవరో "గౌ" అని అందుకున్నారు. అప్పలనరసమ్మ అత్త గిర్రున తిరిగి ఆ మనిషి చేయి పట్టుకుంది. మాట అక్కడే ఆగింది. అప్పుడు అందరి చూపూ పెదనాన్న మీద పడింది. ఆయన తాడు పట్టుకుని ముందుకు వంగి ఉన్నాడు, నోరు తెరిచే ఉంది. నేను ఆయన భుజం మీద చేయి వేశాను. ఆయన నా చేయి తోసేయలేదు, నా వైపు చూడనూ లేదు.

"అల్లుడా" అని కేక వేశాడు. "మమ్మల్ని సూడకు. నువ్వు సెప్పు."

బావకు ఆ మాట అందడానికి కాస్త సమయం పట్టింది. ఆ తర్వాత ఆయన గట్టుకు వీపు పెట్టి పిల్లల వైపు తిరిగాడు. అంత గట్టిగా ఆయన గొంతు మేము ఎప్పుడూ వినలేదు.

"పైడీ, ఎల్లు. కుడి మూల ఒగ్గీ, నడిమికి పో. గౌరీ, నువ్వు కూకో."

గౌరి కూర్చుంది. పైడి వెళ్ళింది. నడిమికి పోయి ఒకమ్మాయి భుజం తాకింది, రెండో అమ్మాయి కోసం చేయి చాపింది, అందలేదు. నడుం పట్టుకోబోయిన వాళ్ళను విదిలించుకుని గీత దాటి పడింది. ఒక పాయింటు వచ్చింది, సమం కావడానికే రెండు కావాలి. వరసగా నాలుగో ఓటమి.

ఈసారి ఎవరి మీద పడతారా అని నేను భయపడుతున్నాను. పెదనాన్న తాడు కింద నుంచి దూరి నేరుగా అల్లుడి దగ్గరకు వెళ్ళాడు. బావ తల దించుకున్నాడు.

"ఓడిపోనాం" అన్నాడు పెదనాన్న. "బాగానే ఓడిపోనాం. ఆ పైడిని రేపట్నించి మొదటి కూతకే పంపు. ఇది నా మాట కాదు, నీకు నచ్చితేనే."

శృంగవరపుకోట బజారులో అన్నం తిని, మూడింటికి తిరుగు ప్రయాణం అయ్యాం. భోజనం నూట ఇరవై, చేపల పులుసు అడిగితే వేస్తారు. గౌరి మైదానం నుంచి వ్యాన్ దాకా ఎవరి భుజం పట్టుకోకుండా నడిచి వచ్చింది. విజయనగరం చేరేలోగా వాదన మళ్ళీ అంటుకుంది. నడుం పట్టు ఎందుకు జారుతోంది, సగం ఆట అయ్యాక బావ కార్నర్‌ను ఎందుకు మార్చలేదు అంటూ. ఈసారి నేనూ కలిశాను. పైడికి గుండె లేదన్న మాట మాత్రం ఎవరి నోటా రాలేదు.

మా వాళ్ళ ప్రేమ చిన్నది కాదు. తెల్లవారకముందే లేచి, పని మానుకుని, జిల్లా దాటి వెళ్ళి ఎండలో నిలబడతారు. ఆ ప్రేమే ఒక అమ్మాయి మోకాలి మీద ఎంత బరువు వేస్తోందో వాళ్ళకు ఎవరూ చెప్పలేదు, అంతే. చెప్పినప్పుడు కోపం వచ్చింది. కోపం వచ్చినా విన్నారు. గెలుపు కోసం ఇంకెన్ని ఊళ్ళు తిరగాలో తెలియదు గానీ, వేసవి దాటాక గౌరి కూతకు వెళుతుంది, రెండు కాళ్ళతో వెళుతుంది. అప్పటిదాకా ప్రతి ఆటకూ నేను వ్యాన్ ఎక్కుతాను.

ఒక సలహా. దెబ్బ తగిలిన ఆటగత్తెను వెంట తీసుకువచ్చేటట్టయితే, డ్రైవర్ పక్క సీటు ఆమెకేనని ఎక్కకముందే అందరికీ చెప్పేయండి. మోకాలు చాపుకోవడానికి చోటు అక్కడే ఉంటుంది. పెద్దవాళ్ళు అలుగుతారు. అలగనివ్వండి.