చీకటి సంగీతం విన్న మధ్యాహ్నం

చీకటి సంగీతం అని ఒకటి ఉందట. ముప్పై ఎనిమిదేళ్ళు పిల్లలకు సరళీస్వరాలు నూరిపోసి, రిటైరై, రాజమండ్రిలో మా ఇంటి ముందు గదిలో ఇంకా నూరిపోస్తూనే ఉన్న నాకు ఆ సంగతి ఈమధ్యే తెలిసింది. తెలియజెప్పింది బయటివాళ్ళు కూడా కాదు, నా శిష్యురాలే. అదీ నా ఖర్మ.

నా దగ్గర తొమ్మిదేళ్ళు నేర్చుకుంది. వచ్చినవాళ్ళందరిలో నిజంగా గొంతున్నది అదొక్కతే. మిగతావాళ్ళు సర్టిఫికెట్ కోసం వచ్చేవాళ్ళు, లేదా పెళ్ళిచూపుల్లో ఒక కీర్తన పాడించొచ్చని వాళ్ళమ్మలు తోలినవాళ్ళు. ఇది షడ్జం పట్టిందంటే నేను లేచి ఫ్యాను ఆపేసేదాన్ని. కోరుకొండ నరసింహస్వామి కల్యాణంలో దాని చేత గంటసేపు పాడిస్తానని గుడివాళ్ళకు మాట ఇచ్చేశాను. సరిగ్గా నెల ముందు రావడం మానేసింది. ఫోన్ చేస్తే గొంతు రావడం లేదండి అని వాళ్ళమ్మ చెప్పింది. గొంతు రాకపోవడమేంటి నా మొహం. ఆ ఏడు కొండెక్కి నేనే పాడాను, ఆయాసపడుతూ. ఐదేళ్ళయినా ఆ కోపం చల్లారలేదు. అది తిరిగొచ్చి నా చాప మీద కూర్చుంటుందన్న ఆశ కూడా చావలేదు.

మొన్న మాఘమాసంలో అదే ఫోన్ చేసింది. పెళ్ళయిందట. భర్త పోలవరం పనుల్లో ఇంజనీరట. మొగుడూ పెళ్ళాం కలిసి ఒక ఆల్బం చేశారట, మొదటిది. లోకానికి వదిలే ముందు నాకు వినిపించాలట. తప్పకుండా రమ్మన్నాను. ముచ్చటపడి కాదు. అందులో తప్పులు ఒక్కొక్కటే ఏరి మొహాన చెప్పి, సోమవారం నుంచి పొద్దున్న ఆరింటికల్లా వచ్చి కూర్చోమనడానికి.

వచ్చారు. ఇద్దరివీ నల్లబట్టలే. కాజాల పొట్లం మాత్రం తెచ్చారు, ఆ మర్యాద మిగిలినందుకు సంతోషం. అబ్బాయికి నోరు తెరిస్తే అండి. నా కుర్చీ ఎత్తి గది మధ్యలో వేశాడు, స్పీకర్లు అటొకటి ఇటొకటి నిలబెట్టాడు, వెళ్ళి కిటికీలన్నీ మూసేశాడు. ఇదేంటి బాబూ, పట్టపగలు ఉక్కపోత అంటే, చీకట్లో వింటేనే బాగుంటుందండి అన్నాడు. బూజు పట్టిన సరుకును కూడా చీకట్లోనే అమ్ముతారు.

మొదలైంది. మొదలైందని అతను చెబితేనే తెలిసింది. ట్రాన్స్‌ఫార్మర్ పక్కన నిలబడితే వచ్చే హోరు, అంతే. మూడు నిమిషాలయ్యాక అందులోకి ఇంకో హోరు చేరింది. అది గేట్ల కింద నుంచి గోదావరి దూకే చప్పుడట, తనే మైకు పట్టుకెళ్ళి రికార్డు చేశాడట. తల్లిని ఆవిడ మానాన ఆవిడని పారనిచ్చినా బాగుండేది, వెనక నుంచి ముందుకు తిప్పి వినిపించారు. ఎక్కడో నూతిలో పడ్డట్టు ఒక గిటారు మూలిగింది. దీన్ని సైకెడెలిక్ అంటారట, వింటే మనసు గాల్లో తేలాలట. నాకు కళ్ళు తిరిగాయి, బహుశా అదే అయ్యుంటుంది. పాటకీ పాటకీ మధ్య ఎడం లేదు, ఎక్కడ అయిపోయిందో తెలియదు. ఇంతా చేసి పాడే గొంతేదే అని అడిగితే, ముందుందండి అంది. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట వెనకటికెవరో. నేను మాత్రం ఏమేం తిట్టాలో వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను.

ఏడో పాటలో గొంతు వచ్చింది. ఆడదో మగదో తేలని గొంతు, భూమి అడుగు నుంచి వస్తున్నట్టు, ఏదో ఒకే మాటను సాగదీస్తోంది. మధ్యమధ్య దబ్బుదబ్బుమని దెబ్బలు. హోరు పెరిగేకొద్దీ ఆ గొంతు నా వీపు దాకా వచ్చేసింది. నిజం చెప్పొద్దూ, నాకు ఒళ్ళు జలదరించింది. అంత హోరులో ఈ ఒక్కటి బాగా కుదిరిందని లోపల ఒప్పుకున్నాను. ఆ గొంతు ఎవరిదని అడిగాను. అబ్బాయి పెళ్ళాం వంక చూశాడు. అది చాప వంక చూసింది.

"మీదేనండి, టీచర్ గారూ," అంది.

పాఠం చెప్పేటప్పుడు పిల్లలు రికార్డు చేసుకోవడానికి ఫోను తంబురా పక్కన పెట్టుకుంటారు, ఇంటి దగ్గర సాధనకు పనికొస్తుందని. పెట్టుకోమన్నదీ నేనే. ఇది పదో తరగతిలో ఉన్నప్పుడు వాళ్ళ నాన్న ఫోనులో ఎక్కించుకున్న పాఠమట. అందులో నేను "మళ్ళీ" అన్న చోట్లన్నీ కోసి, వేగం తగ్గించి, వరసగా అతికించారు. ఆ దెబ్బలు తాళం. నేను వేసినవే, దాని తొడ మీద.

"పాడదామని నోరు తెరిస్తే చాలు, ఇదే వినపడుతుందండి," అంది. "అందుకే నాలోంచి తీసి బయట పెట్టేశాను. మీరు వద్దంటే ఆ పాట తీసేస్తాం."

నేనంత ఘోరంగా ఎప్పుడన్నాను, మీరు సాగదీసి దెయ్యాన్ని చేశారు గాని అని కేకలేశాను. అసలు పాఠం వినిపించమన్నాను. అబ్బాయి వెతికి పెట్టాడు.

మామూలు వేగంలో విన్నాను. వర్ణం. పదిహేనేళ్ళ పిల్ల గొంతు, తీగలా వెళుతోంది. మళ్ళీ, అన్నాను. పాడింది. మళ్ళీ. నేను చెవులు రిక్కించాను, తప్పు ఎక్కడుందో పట్టుకుని చూపిద్దామని. శ్రుతి తప్పలేదు. కాలం జారలేదు. మళ్ళీ, దబ్. పదకొండోసారి ఆ గొంతు వణికింది. అది తప్పంటే తప్పే.

పాట ఉంచుకోమన్నాను. మిగతా హోరు మీద నా అభిప్రాయం మారలేదు, మారదు కూడా, అదీ చెప్పాను. అది నవ్వి కాళ్ళకు దణ్ణం పెట్టింది. ఇద్దరూ కిటికీలు తెరిచి వెళ్ళిపోయారు. సోమవారం సంగతి నేను ఎత్తలేదు.

సోమవారం ఆరింటికి మామూలు పిల్లలు వచ్చారు. ఒకతె పాడుతూ పాడుతూ గాంధారం దగ్గర జారింది. నోటిదాకా వచ్చిన మాటను మింగి, బాగుందమ్మా, ముందుకు వెళ్ళు అన్నాను.

ఆ పిల్ల పాట ఆపేసి, రెండు చేతులతో తొడ కప్పుకుని, నా మొహం వంక చూసింది.