మా అమ్మ రోగాన్ని ఊరికి చెప్పినవాడు

తాండూరులో ఫైనాన్సు ఆఫీసు మెట్లెక్కి, బల్ల మీద కాగితాలు ఎగరకుండా పెట్టిన నాపరాయి ముక్క తీసుకుని, వసూలు మనిషి మూతి మీద కొట్టాను. పై పెదవి చీలింది. ముందు పన్ను ఊడి కాగితాల మీద పడింది. ఆ రక్తం చూసి నాకు భయం వేయలేదు సరికదా, కడుపు చల్లబడింది. నా మీద కేసు ఇంకా నడుస్తూనే ఉంది, వాయిదాలకు పోయి వస్తున్నాను. ఆడదానికి అంత కోపం ఏమిటని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ల తల్లి గురించి అలాంటి ఫోను ఒక్కటి పోతే అప్పుడు మాట్లాడుకుందాం.

మాది ధారూర్ దగ్గరి పల్లె. గొర్రెలు, బర్రెలు మేపుకుని బతికేవాళ్లం. మా ఆయన మంద వెంట పోతే వారాల తరబడి ఇంటి మొహం చూడడు. ఇంట్లో ఉండేది నేను, మా అమ్మ. పాలు పిండడం అమ్మ పని. పొద్దుటి రైలుకు వికారాబాద్ తీసుకుపోయి ఇల్లిల్లూ తిరిగి పోయడం నా పని. నా పాలల్లో నీళ్లు ఉండవు, నా నోట్లో మంచి మాట ఉండదు అని పాలు పోయించుకునేవాళ్లు నన్ను ఆట పట్టించేవాళ్లు. నేను కూడా నవ్వేదాన్ని.

ఒక వానాకాలం అమ్మ పాలు పిండుతూ పిండుతూ దగ్గింది. దగ్గితే నెత్తురు పడింది. లేవబోయి బర్రె కాళ్ల దగ్గరే ఒరిగిపోయింది. ఆగమాగం ఆటోలో వేసుకుని వికారాబాద్‌లో ఒక ప్రైవేటు దవాఖానకు తీసుకుపోయాను. ఊపిరితిత్తుల దగ్గర చేరిన నీరు తీశారు, టీబీ అన్నారు. మా దిక్కు ఆ పేరు ఎవరూ గట్టిగా అనరు. టీబీ దవాఖాన ఉన్న అనంతగిరి గుట్ట వైపు కన్ను చూపిస్తే చాలు, ఎదుటి మనిషికి అర్థమైపోతుంది. బిల్లు విని నేను గోడకు ఆనుకుని కూలబడితే, కౌంటర్‌లో మనిషి ఫైనాన్సు ఇప్పిస్తానన్నాడు. మిమ్మల్ని ఎరిగిన పెద్దమనుషుల నంబర్లు చెప్పమన్నాడు.

నన్ను ఎరిగిన పెద్దమనుషులు ఎవరు? నా పాలు తాగేవాళ్లే. టీచరమ్మ, బట్టల దుకాణం సేటు, రైల్వే క్వార్టర్ల సారు, అందరి నంబర్లూ గొంతు పెంచి మరీ చెప్పాను. అంతటివాళ్లు మాకు తెలుసంటే మా అమ్మను జర మంచిగా చూస్తారని నా ఆశ.

తర్వాతి మందులు సర్కారు దవాఖానలో ఊరికే ఇచ్చారు. అమ్మ గుప్పెడేసి మాత్రలు మింగింది, కక్కింది, మళ్లీ మింగింది. అంటుకునే రోజుల్లో ఆమెను బర్రెల కొట్టంలోకి రానివ్వలేదు. ఇక ఎవరికీ భయం లేదని డాక్టరమ్మ చెప్పిన తర్వాతే మళ్లీ చెంబు చేతికిచ్చాను. చివరి పరీక్షలో పూర్తిగా నయమైందన్నారు. ఈ సంగతి ఊళ్లో ఎవరికీ తెలియనివ్వలేదు. కిస్తులు కూడా కట్టుకుంటూ వచ్చాం. చూడి బర్రె చచ్చిపోయాక కట్టలేకపోయాం.

వసూలు మనిషి ఫోన్లు మొదలయ్యాయి. ముందు గడువు ఇమ్మని బతిమాలుకున్నాను, వినలేదు. నా తల్లిని, నా మొగుడిని, నా పుట్టుకను కలిపి తిట్టాడు. నేను కూడా తక్కువ తినలేదు. వాడు ఒకటి అంటే పది అన్నాను. అప్పు ఇచ్చినవాడు అడుగుతాడు, లేనివాళ్లం తిట్లు పడతాం, తిరిగి తిడతాం. అంతవరకు నాకు పెద్ద బాధ లేదు. నా దగ్గర తిట్లు పారవని తెలిశాక వాడు వేరే దారి పట్టాడు.

ముందు టీచరమ్మ గేటు తీయకుండానే, "రేపటి నుంచి వద్దమ్మా, ప్యాకెట్లు తెప్పించుకుంటున్నం" అంది. ఆ గేటు ఇప్పటికీ నాకు తెరుచుకోలేదు. తర్వాత సేటు వద్దన్నాడు. క్వార్టర్ల సారు బయటికే రాలేదు, పనిమనిషితో చెప్పించాడు. బర్రెలు ఏ పిచ్చి ఆకు తిన్నాయో, పాలు వాసన వస్తున్నాయేమో అని నాకు నేనే నోట్లో పోసుకుని చూశాను. పాలు బాగానే ఉన్నాయి. మసీదు వెనక గల్లీలో ఒక పెద్దామె ఉంది, నేను ఖాలా అని పిలుస్తాను. ఆమె నన్ను వాకిట్లో కూర్చోబెట్టింది.

"గుస్సా చెయ్యకు బేటీ. నాకు గుడ ఫోన్ వచ్చింది. నా ఫోన్‌ల అన్ని మాటలు పడ్తయి, విను" అంది.

విన్నాను. ఆ గొంతు నాకు బాగా తెలుసు. "నమస్తే అమ్మా. మీకు పాలు పోసేటామె తల్లికి టీబీ ఉంది. పాలు పిండేది ఆమెనే. ఇంట్ల చిన్నపిల్లలుంటే జాగ్రత్త. మా పైసలు కట్టుమని జర మీరన్న చెప్పుండ్రి."

ఎంత మర్యాద! నన్ను బూతులు తిట్టిన నోరే అది. ఆ మర్యాదకే నా ఒళ్లు భగ్గుమంది. క్యాను ఎత్తి ఖాలా వాకిట్లో నేలకేసి కొట్టాను. పాలు గడప కింద నుంచి గల్లీలోకి పోయాయి. ఖాలా నీళ్లు కుమ్మరించి, చీపురుతో కడిగి, "రేపటి సంది నాకు లీటర్ ఎక్కువ పొయ్యి" అంది.

అక్కడి నుంచి నేరుగా దవాఖానకు పోయాను. కౌంటర్‌లో మనిషి తల కూడా ఎత్తలేదు. లోన్ కోసం కాగితాలన్నీ పంపుతామని, నేనే సంతకం పెట్టానని అన్నాడు. "బిల్లు పంపు. మా అమ్మ రోగం ఎందుకు పంపినవ్ రా?" అని అరిచాను. వాచ్‌మన్ రెక్క పట్టి మెట్ల మీదికి నెట్టాడు. మోచేయి గీరుకుపోయి నెత్తురు వచ్చింది. లోపల కూర్చున్న రోగులు ఒక్కరూ లేవలేదు, రేపు వాళ్ల కాగితాలు ఎక్కడికి పోతాయో ఒక్కరూ అడగలేదు.

అయినా వాడు ఆగలేదు. పాలు పిండే వేళకు బండి వేసుకుని మా పల్లెకే వచ్చాడు. మా ఇల్లు వాడికి తెలియక కాదు. తెలిసే, గల్లీలో గడప గడపకూ ఆగి, "టీబీ ముసలమ్మ ఇల్లు ఏది?" అని అడుక్కుంటూ వచ్చాడు. కొట్టం ముందు బండి ఆపి, అమ్మ చేతుల్లోని చెంబును కాలితో తన్నాడు. నేను గడ్డి కోసే కొడవలి పట్టుకుని ఉరికేసరికి బండి ఎక్కి పోయాడు. దొరికి ఉంటే ఆ రోజే నేను జైలుకు పోయేదాన్ని. ఆ సాయంత్రం నల్లా దగ్గర ఒక ఆమె నా బిందెను కాలితో పక్కకు జరిపింది. ఆమె కొప్పు పట్టి నేలకు ఈడ్చాను. నలుగురు వచ్చి విడిపించేసరికి నా రవిక చినిగింది, ఆమె చెవి కమ్మ తెగింది.

ఇవన్నీ తట్టుకున్నాను. మర్నాడు పొద్దున చూసింది మాత్రం తట్టుకోలేకపోయాను. అమ్మ మూతికి గుడ్డ కట్టుకుని, కొట్టంలో ఒక మూలకు కూర్చుని ఉంది. తన కంచం, తన గ్లాసు వేరే పెట్టుకుంది. "నువ్వే పిండు బిడ్డా" అంది. నేను కూర్చుంటే బర్రె పాలు చేపలేదు. దానికి అమ్మ చేయి అలవాటు. ఒక్క తన్ను తన్నింది, మోకాలు పట్టేసింది. అమ్మ అంత దూరం నుంచే నాలుకతో చప్పుడు చేసి దాన్ని బుజ్జగిస్తోంది కానీ దగ్గరికి రావడం లేదు. బర్రె మెడ తిప్పి ఆమెనే చూస్తోంది.

"నయమైంది గదనే! దా, వచ్చి కూసో!" అని అరిచాను.

"నయమైందంటే ఎవలు నమ్ముతరు బిడ్డా" అంది.

పాలు అమ్ముడుపోకపోతే బర్రెలను అమ్ముకుంటాం, కూలికి పోతాం. కానీ మా అమ్మ తన కొట్టంలో తానే పరాయిదై మూలకు కూర్చోవడం నేను చూడలేను. ఆమె మళ్లీ బర్రె కింద కూర్చోవాలి. నాకు కావలసింది అదొక్కటే. ఆ కుంటు కాలితోనే రైలెక్కి తాండూరులో దిగాను.

"ఏం, కట్టనీకి వచ్చినవా?" అన్నాడు వసూలు మనిషి.

"మా అమ్మ రోగం చెప్పనీకి నువ్వెవడివి?"

"ఏం, అబద్ధం చెప్పిన్నా?" అని నవ్వాడు.

అప్పుడే రాయి నా చేతికి వచ్చింది. తర్వాత వాడు నా కడుపులో తన్నాడు. ఇంకొకడు జుట్టు పట్టి నా తలను బల్ల అంచుకు కొట్టాడు. కంట్లో నెత్తురు దిగి ఏమీ కనిపించలేదు, అందిన చేతినల్లా కొరికాను. కింద బండలు కోసే మిల్లు పనివాళ్లు దుమ్ము ఒళ్లతో పైకి ఉరికి వచ్చి మమ్మల్ని విడదీశారు. పోలీసులు వచ్చి అందరినీ ఠాణాకు తీసుకుపోయారు.

"ఆయన నోటితోటి అన్నడు. నువ్వు రాయితోటి కొట్టినవ్. కేసు నీ మీదనే అయితది" అన్నాడు ఎస్సై.

"నాకంటే ముందు ఆయననే కొట్టిండు సారూ. ఊరంత తిరిగి కొట్టిండు" అన్నాను.

ఎస్సై నా వైపు తిరిగాడు. "రోగం నీది కాదు, మీ అమ్మది. ఆమె వచ్చి, ఏ రోగమని ఎవలెవలికి చెప్పిండో రాయిస్తే ఆయన మీద గుడ రాస్త" అన్నాడు. కుట్లు వేయించుకుని వచ్చిన పెదవితోనే వసూలు మనిషి నవ్వాడు. దాచుకున్న రోగం గురించి ఫిర్యాదు చేయాలంటే ఆ రోగాన్ని ఠాణాలో పది మంది ముందు చెప్పాలి. మా అమ్మ చెప్పదని వాడి ధీమా. నిజం చెప్పాలంటే నేను కూడా చెప్పదనే అనుకున్నాను.

ఖాలాకు ఫోను చేశాను. ఆమె వికారాబాద్‌లో రైలెక్కి, ధారూర్‌లో అమ్మను ఎక్కించుకుని, ఇద్దరూ వచ్చారు. అమ్మ మూతికి గుడ్డ అలాగే ఉంది. బెంచీ ఖాళీగా ఉన్నా కూర్చోలేదు. నా మొహం చూసి ఒక అడుగు ముందుకు వేసి, అక్కడే ఆగింది. ఖాలా ఫోనులోని మాటలు ఎస్సైకి వినిపించింది. రాసే రైటర్ కలం పట్టుకుని, "ఏం రోగమమ్మా?" అని అడిగాడు.

అమ్మ నేల చూసింది. వరండాలో జనం లోపలికి తొంగి చూస్తున్నారు.

"చెప్పదు సార్. గిసోంటోళ్లు చెప్పుకోరు" అన్నాడు వసూలు మనిషి. నేను లేవబోతే లేడీ కానిస్టేబుల్ భుజం నొక్కి కూర్చోబెట్టింది.

అమ్మ మూతి గుడ్డ విప్పింది. "టీబీ" అంది.

రైటర్ కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. కుర్చీ కాళ్లు బండ మీద కీచుమన్నాయి. అమ్మ చూసింది. గుడ్డ మళ్లీ కట్టుకోలేదు.

"నాకు టీబీ ఉండె. మందులు మింగిన, పోయింది. పైసలు బాకీ ఉన్న, కడ్త. నా రోగం మాత్రం ఎవలికి బాకీ లేను" అంది.

ఎవరెవరికి చెప్పాడో చూద్దామని ఎస్సై వసూలు మనిషి ఫోను అడిగి తీసుకున్నాడు. వేలితో జరుపుకుంటూ పోయి ఒకచోట ఆగాడు. ఫోన్లు మొదలైన కొత్తలో, కొన్ని రోజుల గడువు ఇమ్మని బతిమాలుకుంటూ నేను పంపిన ఫోటో అది, అమ్మ చివరి పరీక్ష కాగితం. కింద నేను పెట్టిన మాటలు కూడా ఉన్నాయి. అమ్మకు చదువు రాదు కాబట్టి ఎస్సై పైకి చదివాడు. "అమ్మకు మొత్తం నయమైంది అన్నా. పనిల పడ్డది. జర టైం ఇయ్యి, కడ్తం."

అమ్మ నడిచి పోయి వసూలు మనిషి ముందు నిలబడింది.

"నాకు నయమైందని నీకు ఎరుకేనా?"

"ఎరుకే."

"మరి గది గుడ చెప్పకపోతివి?"

వాడు పెదవి కుట్ల మీద రుమాలు అదుముకున్నాడు. ఈసారి గొంతులో వెటకారం లేదు, అడిగినదానికి సమాధానం చెప్పినట్టే చెప్పాడు. "నయమైందని చెప్తే ఎవలు భయపడ్తరమ్మా?"

నా చేతులు మళ్లీ లేచాయి. అమ్మ నా వైపు చూడకుండానే చేయి అడ్డం పెట్టి ఆపింది. రైటర్ వైపు తిరిగింది.

"గా మాట గుడ రాయి సారూ. ఆయన అన్నది అన్నట్టే రాయి" అంది.

రైటర్ కుర్చీ ముందుకు జరుపుకుని రాయడం మొదలుపెట్టాడు.