ఎండతో ఇచ్చిన హారతి

నా చిన్నప్పుడు మేడ్చల్ దగ్గర ఒక రైలు గేటు తెరవాలా వద్దా అన్నది మా నాయిన చేతిలో ఉండేది. ఆఫీసరు జీపు వచ్చినా, బర్రెల మంద వచ్చినా ఒకే న్యాయం. చీకటి పడితే రైలుకు పచ్చదీపం పట్టుకుని నిలబడేవాడు. దీపం ఊగితే డ్రైవరుకు అనుమానం వస్తుందట. అందుకని చివరి పెట్టె దాటేదాకా దోమ కుట్టినా చెయ్యి కదిపేవాడు కాదు. ఈ సంగతి దోమలకు తెలుసని నా నమ్మకం.

ఒక ఎండాకాలం సెలవుల్లో, రైల్వేవాళ్ల ఉచిత పాసు మీద నన్ను అజంతాకు తీసుకెళ్తానన్నాడు. మా గేటు దాటే రైలే అటు పోయేది. ఇన్నేళ్లు దీపం చూపించాం, అదెక్కడికి పోతుందో ఒకసారి చూద్దామని ఆయన కోరిక. అక్కడ కొండను తొలిచి బుద్ధుడికి గుళ్లు కట్టారని పాఠం చదివి వినిపించాను. గుళ్లు అన్న మాట అవ్వ చెవిన పడింది.

అవ్వ, అంటే నాయిన తల్లి, రెండు కళ్లకూ పొర కమ్మి, మనుషుల్ని గొంతుతోనే గుర్తుపట్టేది. మేం తిరిగొచ్చిన మరుసటి వారం సికింద్రాబాదు దవాఖానలో ఆమెకు ఆపరేషన్. కంట్లో కత్తి పెట్టించుకోవాలంటే భయం. భయమని ఒప్పుకోవడం ఇంటావంటా లేదు కాబట్టి భారం దేవుడి మీద వేసింది. సంచిలో కొబ్బరికాయ, కర్పూరం పెట్టి, "గా దేవుని ముంగట కాయగొట్టి హారతియ్యి కొడుకా. మొకం మీద ఎలుగు వడాలె. గట్లయితెనే దవాఖానకొస్త, లేకుంటె రాను" అంది. ఏ దేవుడో తెలుసా అని నేనడిగితే, అదంతా నీకెందుకంది.

మొదటి గుహ దగ్గరే కాపలాదారు మా సంచి చూశాడు. కాయ కొట్టకూడదు, అగ్గి ముట్టించకూడదు, పొగకు గోడల మీది బొమ్మలు పాడవుతాయని ఉర్దూలో మర్యాదగా చెప్పాడు. నాయిన అవ్వ కళ్ల కథంతా చెప్పుకున్నాడు. కాపలాదారు అయ్యో పాపమన్నాడు, ఆపైన మళ్లీ వద్దనే అన్నాడు. పక్కనున్న చాయ్ అమ్మే అతను మాకో ఉపాయం చెప్పాడు. బయట ఏదో ఒక రాయికి కొట్టి చిప్ప పట్టుకుపొమ్మన్నాడు, ముసలమ్మకు ఎలాగూ కనబడదు కదా అని నవ్వాడు. నాకు అది బ్రహ్మాండంగా తోచింది. నాయిన మాత్రం నా వైపు తిరిగి మెల్లగా అన్నాడు:

"ఆమెకు కనవడదు బిడ్డా. గందుకే అబద్దం జెప్పరాదు."

ఆ రోజుల్లో గుహలో లైట్లు లేవు. బయట ఒక మనిషి పెద్ద తళతళలాడే రేకుతో ఎండను లోపలికి కొట్టేవాడు. ఆ మనిషి ఆ రోజు రాలేదు. కాపలాదారు రేకును రాళ్ల మధ్య నిలబెడితే అది జారుతోంది. వెలుగు బుద్ధుడి మోకాలిమీద కాసేపు, స్తంభం మీద కాసేపు, ఒక యాత్రికుడి బట్టతల మీద ఎక్కువసేపు ఆగింది. నాయిన సంచి నాకిచ్చి, రేకు తాను పడతానన్నాడు. గేటు దగ్గర నిలబడ్డట్టే నిలబడ్డాడు.

"నువ్వు లోపలికి వో. మంచిగ జూసి యాదివెట్టుకో. అవ్వకు జెప్పాలె."

వెలుగు లోపలికొచ్చి నిలిచింది. కాపలాదారు దాన్ని తెల్లగుడ్డ మీద పట్టి ఒక పక్కనుంచి బుద్ధుడి ముఖం మీదికి తిప్పాడు. ముఖం గంభీరంగా ఉంది. ఇంకో పక్కకు నడిచాడు. బుద్ధుడు నవ్వాడు. చూసేవాళ్లంతా ముందుకు జరిగారు. ఆ రేకు పట్టింది మా నాయిన అని పక్కావిడకు చెప్పాను. అటుపక్కావిడకు కూడా చెప్పాను.

గుంపు వెనక గుంపు వచ్చింది. ఎండ నడినెత్తికెక్కేదాకా ఆయన అక్కడే ఉన్నాడు. చివరికి కాపలాదారే లోపలికి పిలిస్తే, రేకు నేను పట్టాను. మా నాయిన చూసిన బుద్ధుడు కొంచెం వణికాడు.

"మస్తున్నడు. జర ఊగుతున్నడు," అన్నాడు బయటికొచ్చి.

ఇంటికొచ్చి పగలని కాయను అవ్వ చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని తడిమి, చెవి దగ్గర ఆడించింది. లోపల నీళ్లు చప్పుడయ్యాయి. ముఖం ముడుచుకుంది. ఆపరేషన్ ఆగిపోయిందనే అనుకున్నాను. నాయిన జరిగింది జరిగినట్టు చెప్పాడు. బుద్ధుడు ఎటునుంచి గంభీరంగా ఉన్నాడో, ఎటునుంచి నవ్వాడో నేను చెప్పాను. అవ్వ కాయను ఒళ్లో పెట్టుకుంది. తర్వాత నన్నే అడిగింది.

"మీ నాయిన చెయ్యి ఊగిందా?"

"ఊగలే అవ్వా."

"ఇగ గంతకంటె హారతేముంటది. గా డాక్టరు చెయ్యి గూడ గట్లనే ఉంటె సాలు."

ఆపరేషన్‌కు వెళ్లింది. కాయ పచ్చడైంది. కట్టు విప్పి మందపాటి అద్దాలు పెట్టిన రోజు, అవ్వ ముందుగా నాయిన ముఖాన్ని తేరిపార చూసి, "ఎండకు నల్లవడ్డవు కొడుకా" అంది.

ఇప్పుడు ఆ గేటు లేదు, వంతెన ఉంది. నేను సికింద్రాబాదు పక్కనే యాప్రాల్‌లో మనవరాలి దగ్గర ఉంటున్నాను. మా ఇంట్లో నల్లా బాగుచేసే అబ్బాయి సింకు కిందికి దూరితే, ఫోన్ లైటు పట్టమని ఇంజినీరింగ్ చదివే మనవరాలిని పిలవడు. నన్నే పిలుస్తాడు. ఈ వయసులో మీ చెయ్యి ఇంత కదలకుండా ఎలా ఉంటుందమ్మా అని మొన్న అడిగాడు. మా నాయిన రైల్వేలో ఉండేవాడని మాత్రం చెప్పాను.