ఉప్పాడ దారిలో ముందు సీటు

మొన్న ఆదివారం ఆరాధన నుంచి వచ్చి, ఢిల్లీ ద్వారకలోని మా అమ్మాయి ఇంట్లో భోజనాలయ్యాక, మనవరాలు సోఫాలో నా పక్కన చేరి ఫోను నా ముక్కు కింద పెట్టింది. సెలవులకు విశాఖపట్నం వెళ్ళి, అక్కడ కారు అద్దెకు తీసుకుని రెండు రోజులు సముద్రం పక్కనే తిరుగుతారట. ఉత్తరంగా భీమిలి దారి పట్టాలా, దక్షిణంగా దిగి ఉప్పాడ దారి పట్టాలా అన్నది వారం రోజులుగా ఇంట్లో తేలని పంచాయితీ. "అమ్మమ్మా, ఆప్ బతావో నా, కౌన్సీ రోడ్ అచ్ఛీ హై?" అంది. ఏ దారి బాగుంటుందో నన్నే చెప్పమంటోంది. తెలుగు అర్థమవుతుంది దానికి, నోటికి మాత్రం హిందీయే వస్తుంది. చెబుతానుండవే అని కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చున్నాను. ఢిల్లీలో ఇన్నేళ్ళు బతికి ఎన్నో మాటలు పడ్డాను, అన్నీ మర్చిపోయాను. ఈ రెండు దారుల దగ్గర జరిగిన మోసం మాత్రం మర్చిపోలేకపోయాను.

మాది ఉప్పాడ పక్కన చేపలవాళ్ళ ఊరు. మిషను బడిలో చదివి, నర్సు ట్రైనింగు పూర్తిచేసి ఢిల్లీ ఆసుపత్రిలో ఉద్యోగానికి వచ్చినప్పుడు హాస్టల్లో నాకు దొరికిన రూమ్మేటు భీమిలి పిల్ల. ఆ చలిలో ఒకే రజాయి కింద ముడుచుకున్నవాళ్ళం, ఒకరి యూనిఫారానికి మరొకరం గంజి పెట్టుకున్నవాళ్ళం. మనకాలపు హాస్టలు స్నేహాలు ఎలాంటివో మీకు నేను చెప్పనక్కర్లేదు. డ్యూటీ దిగి డాబా మీద టీ తాగుతుంటే మా ఇద్దరికీ ఒకటే తగువు, నీ సముద్రం గొప్పా నా సముద్రం గొప్పా అని. ఒక పక్క కొండ, ఒక పక్క నీలం నీళ్ళు ఉన్న తన దారి ముందు ఏ దారీ పనికిరాదనేది తను. అలలు లేచి రోడ్డు మీద పడి బస్సు చక్రాలు కడిగే నా దారిని చూసి మాట్లాడమనేదాన్ని నేను. ఆ తగువులోంచే కారు నేర్చుకుని సముద్రం పక్కన మనమే నడపాలన్న పిచ్చి పుట్టింది. ఇద్దరం ఒకే డ్రైవింగు స్కూల్లో చేరాం. "అరే దీదీ, క్లచ్ ధీరే సే!" అని, క్లచ్ మెల్లగా వదలమని నెత్తి కొట్టుకునే ఆ సర్దార్జీ ఓపికకు ఇప్పటికీ దణ్ణం పెడతాను.

ఒకే వార్డు నర్సులిద్దరికి కలిపి సెలవివ్వడమంటే మా హెడ్ సిస్టరుకు గిట్టేది కాదు. ఎన్నో డ్యూటీలు మార్చుకుని, ఆవిడ కాళ్ళావేళ్ళా పడితే ఏడాదికి నాలుగు రోజులు దొరికేవి. అందులో ఒక్క దారే కుదురుతుంది. మొదటి ఏడు నేనే తగ్గి భీమిలి వెళదామన్నాను. విశాఖలో వాళ్ళ అన్నయ్య పాత జీపు తీసుకుని వెళ్ళాం. నిజం ఒప్పుకోవాలి, ఆ దారి అందం అంతా ఇంతా కాదు. మరుసటి ఏడు నా దారి, అది మా ఒప్పందం.

నా దారి మీద నాకున్న పట్టుదల సముద్రం కోసం కాదు, మా అమ్మ కోసం. అమ్మ చేపల తట్ట నెత్తిన పెట్టుకుని ఆ దారినే కాకినాడ దాకా నడిచి వెళ్ళేది. నీచు వాసనని బస్సులో తట్ట ఎక్కనిచ్చేవాళ్ళు కాదు. అమ్మ జన్మలో కారెక్కలేదు. ఆవిణ్ణి ముందు సీట్లో కూర్చోబెట్టి, నేను స్టీరింగు పట్టుకుని, ఆవిడ నడిచిన దారి పొడవునా నడపాలన్నది నా కోరిక. ఆ సంగతి నా స్నేహితురాలికి తప్ప ఎవరికీ చెప్పలేదు. రోగుల జ్వరం గీతలు గీసే చార్టు వెనక మా ఇంటి మలుపు, చర్చి, కెరటం ఎక్కువ కొట్టే చోటు, అన్నీ గుర్తులు పెట్టి దారి గీశాను. నీ దగ్గరైతే పోగొడతావే అని తనే దాన్ని పెట్టెలో దాచింది.

రెండో ఏడు వచ్చింది. "జీపు ఇంజను పోయిందటే, ఈసారికి మానేద్దాం," అంది. మానేశాం. మరో నెలకు వాళ్ళమ్మకు ఒంట్లో బాగాలేదని ఒక్కతే ఊరికి బయలుదేరింది. పాపం అనుకుని దాని డ్యూటీలు కూడా నేనే చేశాను, వాళ్ళమ్మ కోసం ప్రార్థన కూడా చేశాను. వారం తర్వాత వచ్చి ఒక సీసా నా చేతిలో పెట్టింది. "మా అమ్మ పెట్టిన రొయ్యల పచ్చడే, నీకోసమని పంపింది," అంది. సీసా మూతికి కట్టిన గుడ్డ మీద పసుపు పువ్వులున్నాయి. బడికెళ్ళే రోజుల్లో నాకు అచ్చం అలాంటి లంగా ఉండేది. అలాంటి గుడ్డలు లోకంలో లక్ష ఉంటాయిలే అని సర్దిచెప్పుకున్నాను.

మూడో రోజున అమ్మ ఉత్తరం వచ్చింది. అమ్మకు చదువు రాదు, ఆవిడ చెప్పిన మాటను చెప్పినట్టే చర్చి పంతులమ్మ రాసేది. "నీ నేస్తం బంగారమే అమ్మా. పెదానమైన పెళ్ళికొడుకునీ, వాళ్ళన్ననీ ఎనక్కి కూకోబెట్టి, నన్ను జీపులో ముందు సీట్లో కూకోబెట్టుకుని కాకినాడ దాకా తనే తోలింది. నీకు సెలవు దొరకలేదంట గదా. రొయ్యల పచ్చడి సరిపోయిందా?"

ఉత్తరం పట్టుకుని స్నానాల గదిలోకి వెళ్ళి, నీళ్ళు వదిలి ఏడ్చాను. తనకు ప్రధానం అయి పెళ్ళి కుదిరిందన్న సంగతి నాతో చెబితే నేనేమైనా అడ్డుపడేదాన్నా? చీరకు నేనే ఫాల్ కుట్టిపెట్టేదాన్ని. నేను గీసిన కాగితంతో, నేను తన డ్యూటీలు చేస్తున్న రోజుల్లో, నా దారిన వెళ్ళి మా అమ్మను ఎక్కించుకుంది. ఆ పచ్చడి పారేయడానికి మనసొప్పక, నిజం చెప్పడానికి నోరు రాక, పేరు మార్చి నాకిచ్చింది. దాన్ని అప్పుడే నిలదీసి ఉంటే పోయేది. అలా చెయ్యకుండా, మీ అమ్మ పచ్చడి భలే ఉందే అన్నాను. అది తలొంచుకుని అన్నం కలుపుకుంది. అమ్మకు కూడా నిజం రాయలేదు. ఎంత సంతోషంగా రాయించిందో ఆ ఉత్తరం, దాన్నెలా పాడుచేయను? మరుసటి సెలవుకు నేను వెళ్ళేలోగానే అమ్మ కన్నుమూసింది. ఆ తర్వాత నేను స్టీరింగు ముట్టుకోలేదు.

ఆ స్నేహితురాలు ఇప్పుడు నోయిడాలో కొడుకు దగ్గరుంది. ప్రతి క్రిస్మసుకీ ఫోను చేసి, మోకాళ్ళ నొప్పులూ మనవల చదువులూ ఏకరువు పెడుతుంది. నేనూ ఊ కొడతాను.

ఇంతలో మనవరాలు ఫోనులో ఏవో ఫోటోలు చూపించింది. ఉప్పాడ దగ్గర సముద్రం రోడ్డును కోసేసిందట, తారు ముక్కలు ముక్కలుగా నీళ్ళలో పడి ఉంది. మా ఇంటి మలుపు ఎక్కడుండేదో పోల్చుకోలేకపోయాను. ఇవాళ్టి పిల్లలకు దారి ఫోనే చెబుతుంది, కాగితం మీద ఎవరూ గీయనక్కర్లేదు, నమ్మి ఒకరి పెట్టెలో దాచనక్కర్లేదు. "భీమిలికే వెళ్ళండమ్మా, చాలా బాగుంటుంది," అన్నాను. ఠీక్ హై అంటూ వాళ్ళమ్మతో చెప్పడానికి పరిగెత్తింది. రెండోసారి కూడా నేనే తగ్గాను.

ఆ రోడ్డు లేదు, అమ్మ లేదు, ఆ రోజు జీపులో వెనక కూర్చున్న ఇద్దరూ లేరు. అమ్మ భయపడిందా, నవ్విందా, తను తట్టతో నడిచిన చోట్లు చూపించిందా, ఒక్కసారైనా నా పేరు ఎత్తిందా అన్నది ఇప్పుడు నోయిడాలో ఉన్న దానికొక్కదానికే తెలుసు. డిసెంబరులో మళ్ళీ ఫోను వస్తుంది. ముందు సీట్లో మా అమ్మ ఏం మాట్లాడిందే అని అడగాలని ప్రతి ఏడూ అనుకుంటాను, చివరికి మోకాళ్ళ నొప్పి ఎలా ఉందని అడిగి పెట్టేస్తాను.