పొద్దుటి కీచుమోత

మొన్న పొద్దున్నే తాళం తిప్పగానే మా కారు ముందుభాగంలోంచి కీచుమని ఒక చప్పుడు వచ్చి, నిమిషంలో అణిగిపోయింది. మర్నాడూ అంతే. మూడో రోజు నేనే నడుపుకుంటూ సర్వీసు సెంటరుకు తీసుకువెళ్ళాను. అక్కడి ఉద్యోగి బానెట్ ఎత్తలేదు, చెవి పెట్టి వినలేదు. స్టీరింగు కింద ఒక వైరు గుచ్చి, చేతిలోని ట్యాబు చూసి, లోపమేమీ లేదు పొమ్మన్నాడు. ఇంజను చల్లగా ఉన్నప్పుడే వస్తుంది నాయనా, ఇక్కడే ఉంచుకుని రేపు పొద్దున వినండి అన్నాను. దానికతను ఎంతో మర్యాదగా, "సార్ ఉంటే ఒకసారి ఫోన్ కలపండి మేడమ్, ఆయనతో మాట్లాడతాను" అన్నాడు. ఒళ్ళు మండిపోయింది. కారు నాది, నడిపేది నేను, విన్న చెవులు నావి. మా ఆయనకు బ్రేకుకూ క్లచ్చుకూ తేడా తెలియదు. మధ్యలో ఈ సార్ ఎందుకండీ?

నా చెవుల సంగతి అతనికేం తెలుసు! మాది పెడనలో మగ్గాల ఇల్లు. ఊహ తెలిసినప్పటి నుంచీ రాట్నం ముందు కూర్చుని నేతకు నూలు కండెలు చుట్టినదాన్ని. నూలు కండె మీంచి జారి, అది తిరిగే ఇనుప కదురు మొదట్లో చుట్టుకుందంటే, రాట్నం కదపగానే కీచుమంటుంది, కాస్త తిరిగాక ఒదిగి ఊరుకుంటుంది. ఊరుకుంది కదా అని తిప్పుతూ పోతే కదురే పాడవుతుంది కాబట్టి, మా అమ్మ వంటింట్లోంచే విని ఆపమని కేకేసేది. మీలో మగ్గం ఇళ్ళలో పుట్టినవారికి ఈ కూత ఇప్పటికీ గుర్తుండే ఉంటుంది.

నన్ను ఇచ్చింది కూడా అదే ఊళ్ళో, చీరల వ్యాపారం చేసే ఇంటికే. తొంభైల మొదట్లో మా మామగారు పట్నంలోని గవర్నర్‌పేట కొట్లకు మూటలు వేసుకెళ్ళడానికి ఒక పాత తెల్ల అంబాసిడర్ కొని, దానికొక డ్రైవరును పెట్టారు. ఆయన్ని నేను అన్నయ్యా అని పిలిచేదాన్ని. ఆ బండిని ఆయన తుడిచినంత శ్రద్ధగా మేము మా ఇల్లు కూడా తుడుచుకునేవాళ్ళం కాదు.

దసరాకు మా ఇంట్లో మగ్గానికి పూజ చేసి పసుపు రాసిన నూలు కట్టడం ఆనవాయితీ. బండి కొన్న ఏడు మామగారు, మగ్గమైనా బండైనా అన్నం పెట్టేదే కదా అని, బానెట్ ఎత్తించి ఇంజను ముందున్న ఫ్యానుకు స్వయంగా ఆ పసుపు నూలు చిలప ఒకటి, చిన్నది, కట్టారు. ఇంటిల్లిపాదీ దండం పెట్టుకున్నాం.

వారం తిరక్కుండానే బండి స్టార్టు చేస్తే కీచుమనడం మొదలైంది. ఇక చూడండి, వీధిలో మగవాళ్ళందరూ వైద్యులే. ఒకరు స్టార్టరు పోయిందన్నారు, ఒకరు పెట్రోలు కల్తీ అన్నారు, సైకిల్ తప్ప ఎరగని పక్కింటి పెద్దమనిషి బేరింగులన్నారు. రెండో రోజు వాకిట్లో నీళ్ళు చల్లుతూ విన్నాను. అచ్చంగా మా కదురు కూతే. నూలు ఎక్కడో చుట్టుకుందని ఆ సాయంత్రం మా ఆయనతో చెబితే, మగ్గం గొడవ బండికెందుకని నవ్వేశారు. మామగారి ఎదుట పడి చెప్పే అలవాటు ఆ ఇంట్లో కోడళ్ళకు లేదు. నోరు మూసుకున్నాను.

మూడో రోజు, చప్పుడు డైనమో దగ్గరిదేనని ఎవరో అనగానే మామగారు, మంచి డైనమో అమ్ముకుని పాతది బిగించావని అన్నయ్యను వీధి అరుగు మీద పదిమంది ముందు నిలదీశారు. ఆయన అద్దం తుడుస్తున్న గుడ్డ మడిచి సీటు మీద పెట్టి, తాళాలు మామగారి చేతికిచ్చి వెళ్ళిపోయారు. నేను తలుపు వెనకే ఉన్నాను.

మర్నాడు ఇంకెవరినో పిలిచి బండి ఆటోనగర్ తీసుకువెళ్ళారు. కళ్ళ డాక్టరుకు చూపించుకోవాల్సి ఉండి నేనూ వెళ్ళాను. అక్కడి ముసలి మెకానిక్ మామగారు చెబుతున్నదేదీ వినలేదు. ఇంజను చల్లారేదాకా ముట్టుకోనని టీ తాగుతూ కూర్చున్నాడు. తరువాత స్టార్టు చేయించి, పొడుగాటి స్క్రూడ్రైవరు మొన డైనమో మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. ఇంజను ఆపించి, బెల్టు వదులు చేసి, డైనమో చక్రం మొదట్లోంచి పట్టకారుతో లాగితే చేతెడు నూలు వచ్చింది. నూనెకు నల్లబడినా అక్కడక్కడా పసుపు కనిపిస్తూనే ఉంది.

"ఇదెవరు కట్టారండీ?" అన్నాడు.

మామగారు రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డారు. ఇంటికి వచ్చాకా ఆ ఊసు ఎత్తలేదు, అన్నయ్యకు కబురూ పెట్టలేదు. దొంగ అన్న మాట మాత్రం వీధిలో అలాగే ఉండిపోయింది.

చాలా ఏళ్ళకు, మామగారు పోయిన తరువాత, పామర్రు సెంటర్లో అన్నయ్య కనిపించారు. ధాన్యం లారీ నడుపుతున్నారు, జుట్టంతా నెరిసింది. నూలు సంగతి చెప్పాను. ఆయన నవ్వారు.

"నాకు మొదటి రోజే తెలుసండి అమ్మగారూ. పెద్దాయన దండం పెట్టి కట్టిన నూలు, నేనెట్టా కోస్తానండీ? చెబితే ఆయన్ని తప్పు పట్టినట్టుంటదని ఊరుకున్నా."

నాకూ రెండో రోజే తెలుసునని మాత్రం చెప్పలేదు. ఆయన నాకు టీ ఇప్పించి, మా బస్సు కదిలేదాకా నిలబడి వెళ్ళారు. మామగారి మీద నాకు ఇప్పటికీ కోపమే, కానీ దానికి రెట్టింపు కోపం ఆ తలుపు వెనక నిలబడ్డ మనిషి మీద.

అందుకే మొన్న ఫోన్ కలపలేదు. కారు అక్కడే వదిలి, మర్నాడు పొద్దున్నే వెళ్ళి, బానెట్ ఎత్తించి, ఆ ఉద్యోగిని పక్కన నిలబెట్టి నేనే తాళం తిప్పాను. కీచుమంది. "విన్నావా నాయనా?" అని అందరికీ వినిపించేలా అడిగాను. అతను తల వంచుకుని బెల్టు చూడటం మొదలుపెట్టాడు. స్క్రూడ్రైవరు చెవికి పెట్టుకునే ఆ ముసలాయన ఇప్పుడు లేడు, కోడలు మాట్లాడకూడదన్న ఆ ఇల్లూ లేదు. బయటికి వచ్చి బెంచీ మీద కూర్చున్నాను. నేను ఆ మాట అడగాల్సింది ఇక్కడ కాదు, ముప్పయ్యేళ్ళ కిందట మా వీధి అరుగు మీద.